మాట ఆగని కోడలు

వెంకమ్మకు కోడలి మీద ఒకటే ఫిర్యాదు. సుధారాణికి మాట ఆగదు.

నోట్లో అన్నం ముద్ద ఉన్నా ఆగదు. మిద్దె మీద నిలబడి వీధి చివరి స్నేహితురాలితో ముచ్చట్లు. ఆత్మకూరు బస్టాండులో బస్సు కదిలినా, మూసిన అద్దం వెనక నుంచి ఇంకో నాలుగు మాటలు.

"నలుగురూ చూస్తారు, బయట మాట్లాడొద్దని చెప్పరా నీ పెళ్ళానికి," అని కొడుకు మల్లికార్జునను సతాయించేది. "బిడ్డకు గూడా అదే అంటిస్తా ఉండాది."

"నువ్వూ నేర్చుకోమ్మా. పోట్లాడుకోడానికైనా పనికొస్తాది," అనేవాడతను.

ఆ ఆదివారం అందరూ ఉదయగిరి కోట చూడబోయారు. మల్లికార్జున సగం కొండకే ఆయాసపడి కూలబడ్డాడు. అత్తాకోడళ్ళు పైకెక్కేసరికి, ముందు పరిగెత్తిన ఆరేళ్ళ మనవరాలు అశ్విత ఒక పాత గోడ కింద నిలబడి ఉంది.

పిల్ల నెత్తిన, రాతి చూరుకు, చాటలంత తేనెపట్లు మూడు నల్లగా వేలాడుతున్నాయి.

వెంకమ్మ నోరు తెరిచింది. అక్కడ మేకలు కాసుకుంటున్న కామయ్య చటుక్కున తువ్వాలు అడ్డం పెట్టాడు.

"అరవబాకమ్మా!" గొంతు తగ్గించి అన్నాడు. "పోయినేడు ఒక్క కేకకే లేచినాయి. మనిషి దక్కలా. దగ్గిరికీ పోబాకండి, మన అడుగులకి రాళ్ళు దొర్లతాయి."

అశ్విత పొడవాటి పుల్ల ఒకటి తీసుకుంది. తేనెపట్టు వైపు ఎత్తింది.

వెంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తన ఘనకార్యం అమ్మకు చూపిద్దామని అశ్విత వెనక్కి తిరిగింది. అంతే, సుధారాణి మాట్లాడింది.

"పుల్ల కింద పెట్టు. పడేయకు, పెట్టు. పైకి చూడకు. నన్నే చూడు. పిల్లిలా రా."

కామయ్య ఊపిరి బిగబట్టాడు.

ఒక్క ఈగా కదల్లేదు.

అశ్విత పుల్ల కింద పెట్టింది. అమ్మ మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి ఒళ్ళో పడింది.

బండల చాటుకు చేరాక వెంకమ్మ నోట్లోంచి కొంగు తీసింది. తన చేతులకేసి చూసుకుంది. మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"తప్పు నాదేనని మీ అమ్మకు చెప్పాల, చేతుల్తో ఎట్టా చెప్పాలో చూపించవే, నా మాట ఆమెకు వినపడదు గదా!"