కొట్టెయ్యమన్న వేలిముద్ర

ఎర్రబోరు సంతలో స్టాంపు ప్యాడు తెరిచానో లేదో, జనం సంచులు పట్టుకుని వరస కట్టారు. మా వైపు వేలిముద్ర అడిగారంటే బియ్యం ఇస్తారనే లెక్క. ఆ కాగితాలతో నేనెక్కాల్సిన జగదల్‌పూర్ బస్సుకు అరగంటే ఉంది. అందుకే బియ్యం కాదని నేనూ చెప్పలేదు.

భద్రమ్మ ముద్ర వేసి సంచి నోరు తెరిచింది. "పొయ్ తమ్మీ."

"బియ్యం కాదక్కా. సికిల్ సెల్ అనే నెత్తురు జబ్బుకు మందు కనిపెట్టే డాక్టర్లకు సర్కారు పైసలియ్యాలని అర్జీ పెడుతున్నం."

"ఎన్నడొస్తదా మందు?"

"పదేండ్లు పట్టొచ్చు."

"అయితే నా ముద్ర కొట్టెయ్."

"చెరిపి మళ్ల నీ వేలికే అంటియ్యాల్నా?" అన్నాను. ఆమె నవ్వలేదు. వెనకవాళ్లు కూడా సంచులు మడుస్తున్నారు.

"గింతగనం తిరుగుతున్నవ్, నీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా ఏంది ఆ రోగం?" అని అడిగింది భద్రమ్మ.

"ఇప్పుడెవరికీ లేదక్కా. పోయిన వానకాలం దాంక నా బిడ్డకుండె."

బస్సు హారన్ కొట్టింది. నేను కాగితాలు సర్దుకోబోతే భద్రమ్మ వాటి మీద చెయ్యి పెట్టింది.

"ఆగు తమ్మీ," అని, మొదటి ముద్ర పక్కనే ఎడమ బొటనవేలు కూడా ఒత్తింది.