శనివారం సముద్రం

పడవ ఇసుకను తాకకముందే శ్రీనాథ్‌కు ఒడ్డున మనిషి కనిపించాడు. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, తలకు తుండు చుట్టుకుని, పిక్కల దాకా నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పడవ ఇంకాస్త దగ్గరికొచ్చాక ఆ మొహం ఆనవాలు పట్టాడు.

నాన్న!

ఫోటో కోసం ఎత్తి పట్టుకున్న వంజరం చేపను చటుక్కున కింద పడేశాడు. పడవ అడుగున సందుంటే తనూ దూరిపోయేవాడే.

నరసరావుపేట బజారులో వెంకటకృష్ణయ్య కిరాణా కొట్టు తెలియనివాళ్ళు లేరు. ఏజెంట్లు ఎంత బతిమాలినా ఎండు రొయ్యల ప్యాకెట్ పెట్టని కొట్టు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ప్రతి శనివారం ఆయన తెల్లారకముందే కారేసుకుని బాపట్ల వెళ్ళేవాడు. భావనారాయణస్వామి దర్శనం, సూర్యలంకలో సముద్రస్నానం చేసుకుని సాయంత్రానికి ప్రసాదంతో ఇల్లు చేరేవాడు. "దేవుడి చుట్టూ తిరిగి తిరిగి మీ నాన్న నల్లబడ్డాడ్రా" అని తల్లి లక్ష్మీకాంతం మురిసిపోయేది.

శనివారం కొట్టు చూడాల్సింది శ్రీనాథ్. అతనికి ఆదివారం సెలవు. క్రికెట్ అని ఇంట్లో చెప్పి చేపలు పట్టడానికి సూర్యలంక వచ్చేవాడు. మొన్న పడవ పోలయ్య ఫోన్ చేశాడు. "వానలు తెరిపిచ్చినయ్ బాబూ, సముద్రం చదునుగా ఉంది. ఆదివారం నాకు కుదరదు. శనివారం వస్తే బాగా లోపలికి పోదాం" అన్నాడు. చవితి పందిళ్ళు తీసేశాక ఈ నాలుగు వారాలే వంజరానికి మంచి అదను. శ్రీనాథ్ ఉండలేకపోయాడు. కొట్టు గుమాస్తాకు అప్పజెప్పి మొదటి బస్సెక్కాడు. జనం స్నానాలు చేసేది ఒకవైపు, పడవలు ఆగేది ఇంకోవైపు. అదే అతని ధైర్యం.

ఆ ధైర్యం ఇప్పుడు పిక్కల లోతు నీళ్ళలో కలిసిపోయింది.

"నువ్వా!" అన్నాడు వెంకటకృష్ణయ్య. "ఇయ్యాల శనివారం గదరా!"

దేవుడి వారం. ఇంట్లో అమ్మ ఒక్కపొద్దు. తన చేతులకేమో చేప పొలుసులు. శ్రీనాథ్ తలెత్తలేకపోయాడు.

"నీకెవరు చెప్పారు నాన్నా?"

వెంకటకృష్ణయ్య సముద్రం వైపు చూశాడు, చేప వైపు చూశాడు, కొడుకు మొహం మాత్రం చూడలేదు. చూడబుద్ధి కావడం లేదు కాబోలు అనుకున్నాడు శ్రీనాథ్. తిట్టినా బాగుండేది.

"ఎంత దూరం పోయారు?"

"ఒడ్డు కనపడనంత దూరం."

"అంత లోపలికా!" పెద్దాయన సముద్రం చివరి దాకా చూశాడు.

"భయమేం లేదు నాన్నా, కెరటం లేదు."

"తింటన్నావా?"

"అమ్మతోడు, నోట పెట్టలా. పట్టింది పట్టినట్టు పోలయ్యకే ఇచ్చేస్తా. గాలం తీగ లాగేటప్పుడు చేతికి ఒక బరువు తగులుద్ది నాన్నా. అది ఎట్లా చెప్పాలో..."

"చెప్పొద్దులే" అంటూ వెంకటకృష్ణయ్య అటు తిరిగాడు.

ఆయన చూపుడువేలికి ఇంకా కట్టు ఉంది. పోయిన శనివారం గుడి తలుపు సందులో పడి నలిగిన వేలు. వేలు నలిగినా దర్శనం మానని మనిషికి తనలాంటి కొడుకు పుట్టాడు! శ్రీనాథ్‌కు ఏడుపొచ్చింది. తడి ఇసుకలో కూలబడి తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది నాన్నా. ఇంక జన్మలో ఈ ఒడ్డు తొక్కను. ఒట్టు."

"ఒట్లొద్దురా!" వెంకటకృష్ణయ్య కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "లెగు. నలుగురూ చూస్తన్నారు."

నీసు చేతులతో ముట్టుకున్నందుకేమో. శ్రీనాథ్ చేతులు ఇసుకకేసి రుద్దుకున్నాడు. పడవలోంచి తన గాలం కర్ర తీసి పోలయ్యకిచ్చి, "ఉంచుకో, నాకొద్దు" అన్నాడు. ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న కర్ర అది. పోలయ్య దాన్ని అందుకుని, మొహం పక్కకు తిప్పుకుని వల సర్దసాగాడు. నవ్వు ఆపుకుంటున్నాడని అతని భుజాలే చెబుతున్నాయి.

ఇద్దరూ కారు దాకా నడిచారు. తలుపు తియ్యగానే లోపల నీసు గుప్పుమంది. వెనక సీట్లో ప్రసాదం సంచి ఉంది. దేవుడి ప్రసాదం ఉన్న కారులో తన ఒంటి కంపు! శ్రీనాథ్ గబగబా అద్దం దించి, తలుపుకు అతుక్కుపోయి కూర్చున్నాడు.

వెంకటకృష్ణయ్య స్టీరింగ్ మీది ఇసుకను తుండుతో తుడిచాడు.

"మీ అమ్మకు చెప్పబాక" అన్నాడు చివరికి.

"నువ్వు?"

"నేనేం చెప్తాలే."

తండ్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ దగ్గర ఏనాడూ ఏదీ దాచని మనిషి, కొడుకు కోసం అబద్ధానికి దిగుతున్నాడు. ఇంతకంటే చెంపదెబ్బ నయం అనిపించింది శ్రీనాథ్‌కు.

కారు కదలబోతుండగా ఇసుకలో ఎవరో పరిగెత్తుకొస్తూ కేకేశారు. ఇంకో పడవ వాళ్ళ రాఘవమ్మ. చంకలో గోనెపట్టా చుట్టిన పొడవాటి కర్ర. తన కర్ర పోలయ్య తిరిగి పంపాడన్నమాట. శ్రీనాథ్ కిటికీలోంచి చెయ్యూపాడు.

"వద్దమ్మా, నేను ఇచ్చేశాను!"

రాఘవమ్మ అతని వైపు చూడనైనా లేదు. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి, రొప్పుతూ వెంకటకృష్ణయ్య కిటికీ దగ్గర ఆగింది.

"పోయిన శనివారం మీ గాలం మా పడవలోనే మర్చిపోయారు శెట్టిగారూ!"