హాల్ టికెట్

"ఆపు నాయనా, ఆపు! పరీక్ష!" అంటూ గ్విరే అవ్వ పోలీసు మోటారు సైకిలుకి అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో హాల్ టికెట్, ఇంకో చేతిలో అన్నం డబ్బా. వయసు డెబ్భై మూడు.

కానిస్టేబుల్ గిహోకి క్షణంలో అర్థమైపోయింది. కాలేజీ ప్రవేశ పరీక్ష రోజున దక్షిణ కొరియాలోని ఈ దేగు నగరం పోలీసులకి ఇదే పని. ఆలస్యమైన పిల్లల్ని, వాళ్ళు మరిచిపోయిన వస్తువుల్ని చేరవేయాలి. ఎనిమిదీ పదికి గేటు మూసేస్తారు. ఇప్పుడు ఎనిమిది.

"ఎక్కండవ్వా! గట్టిగా పట్టుకోండి." సైరన్ మోగింది.

"తప్పు బస్సెక్కి చచ్చాను నాయనా."

"బోర్డు చదువుకోవద్దూ?"

"చదవడం వచ్చులే ఇప్పుడు. కంగారులో కళ్ళు కనబడలా."

"అన్నం కూడా మరిచిపోయిందా మీ మనవరాలు? ఈ కాలం పిల్లలకి లెక్కలొచ్చు, ఇంగ్లీషొచ్చు, ఒళ్ళు మాత్రం తెలీదు. చదువు వాళ్ళది, చాకిరీ మీది!"

అవ్వ ఏదో చెప్పింది. సైరన్ హోరులో అతనికి వినిపించలేదు.

పరీక్ష జరిగే బడి మిట్ట మీద ఉంది. దారంతా దండాలు పెట్టే తల్లులు, పరీక్ష రాసేవాళ్ళని హుషారు చేస్తూ డప్పులు కొట్టే చిన్న తరగతుల పిల్లలు. బండి కదల్లేదు. అవ్వ దిగి నాలుగడుగులు వేసి, మోకాళ్ళు పట్టుకుని ఆగిపోయింది. ఇక రెండే నిమిషాలు.

"ఇలా ఇవ్వండి!" గిహో రెండూ లాక్కున్నాడు. "మీ నడకకి తెల్లారినట్టే!"

"అది కాదు నాయనా... నే... నేను..." ఆయాసం మాటను మింగేసింది.

"భయపడకండవ్వా, నేనున్నాగా!"

పరిగెత్తాడు. పిల్లలకి కాలేజీ సీటు ఇలాగే అంటుకుపోవాలన్న నమ్మకంతో తల్లులు గేటు నిండా తీపి పాకం అంటించారు. సగం మూసిన ఆ గేటులోంచి పక్కకు తిరిగి దూరాడు. వెనకాల గేటు ధన్‌మని పడింది. బయట తల్లులు చప్పట్లు కొట్టారు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి తన పోలీసు బట్టలకు అర్థం దొరికిందనిపించింది గిహోకి.

మెట్ల మీదున్న టీచరమ్మకి రెండూ అందించాడు. "ఆ అమ్మాయికిచ్చెయ్యండి మేడం. పాపం, వాళ్ళవ్వ ప్రాణాలకి తెగించి తెచ్చింది."

టీచరమ్మ హాల్ టికెట్ మీది ఫోటో చూసింది. తలెత్తి గేటు వైపు చూసింది.

"అమ్మాయి కాదండీ," అంది నెమ్మదిగా. "పాకం అంటుకున్న చేతులతో గేటు బాదుతోందే, ఆవిడే."