ఏడో నంబరు జెర్సీ

ఆ కాలంలో జెర్సీలు తొడుక్కున్నవారి ఒంటి కదలికలను నేర్చుకుని, తరువాత తొడిగేవారికి నేర్పేవి. మహా క్రీడాకారుల జెర్సీలను మాత్రం కాలేజీవారు ఇక ఎవరూ తొడగకుండా అద్దాల పెట్టెలో ఉంచి గౌరవించేవారు.

ఆ ఏడాది ఆ గౌరవం ఎవరిదో తేల్చవలసిన పెద్ద యజ్ఞనారాయణ గారు. ఏడో నంబరు జెర్సీ కీర్తిశేషురాలైన ఆయన భార్య హైమవతిది.

"ఏడో నంబరేనండి. ఇంక ఆలోచనెందుకు మాస్టారూ?" అంది బాస్కెట్‌బాల్ కోచ్ పద్మాక్షి.

"అర్హత చాలదమ్మా."

"అదేంటండీ! అమ్మగారే ఉంటే, ఈ మాటకి రాత్రి మీకు అన్నం పెట్టేవారా?"

ఆయన నవ్వబోయి, నవ్వలేకపోయారు. నిత్యం గీతాపారాయణ చేసే నోట అబద్ధం వెలువడినందుకు మనసు చివుక్కుమంది.

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే ఖాళీ గ్యాలరీలో ఒంటరిగా కూర్చున్నారు. ఏడో నంబరు తొడుక్కున్న కొత్త పిల్ల బంతితో బుట్ట ఎదుట నిలిచింది. మెడ పైదాకా జుట్టు కత్తిరించుకున్న ఆ పిల్ల, బంతి విసిరే ముందు, అచ్చం హైమవతిలాగే, లేని జడను ఎడమచేత్తో భుజం మీంచి వెనక్కి వేసుకుంది.

"వచ్చావా?" అన్నారాయన, తనకు మాత్రమే వినిపించేటట్టు.