పోకూడనిది ఏముంది?

ఉదయం పదింటికి కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది. వెలిగింది. మళ్ళీ ఆరిపోయింది.

టైలరమ్మ కుట్టుమిషను వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

అందులో భర్త గొంతు ఉంది.

ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేస్తారని తెలిశాక, ఆయన పదకొండు రోజులు కూర్చుని పదిహేను వందల వాక్యాలు చదివి అందులో దాచుకున్నాడు. ఆ గొంతుతోనే ఆయన బదులు కంప్యూటర్ మాట్లాడుతుందని డాక్టరు చెప్పాడు. ఇంకోచోట కూడా దాచుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"కంగారు పడకు" అని ఆయన పలక మీద రాశాడు. అక్షరాలు వంకరపోయాయి.

ఆమె ఫోన్‌లో, కంప్యూటర్ల గురించి నలుగురూ సలహాలిచ్చుకునే పేజీ తెరిచింది. "కంప్యూటర్ పనిచెయ్యడం లేదు. అర్జెంట్" అని మాత్రం రాసింది.

వెంటనే ఒకాయన జవాబిచ్చాడు.

"ఏ మోడలమ్మా? కొని ఎన్నేళ్ళయింది? మెమరీ ఎంత? డిస్కు ఏ రకం?"

"ఏంటొదినా, జనాభా లెక్కలకొచ్చినట్టు ఇన్ని ప్రశ్నలు?" అన్నాడు పక్కనే నిలబడి చూస్తున్న మరిది.

ఆమె కంప్యూటర్ అడుగున అంటించిన కాగితం చూసి మోడల్ రాసింది.

"తెర మీద ఏం కనబడుతోంది? అందులో పోకూడనిది ఏముంది?"

మరిది ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"చూశావా! దొంగ బీరువా ఎక్కడుందని అడిగినట్టే ఉంది."

"దొంగంటావా?"

"ఫోన్ చెయ్యమను, తేలిపోతుంది."

అడిగింది.

"ఫోన్ కుదరదమ్మా. ఇక్కడే రాయండి."

"అదిగో! నోరు విప్పితే దొరికిపోతాడు."

ఆమె అతన్ని బ్లాక్ చేసింది.

ఇంకొకడి జవాబు వచ్చింది. "రీసెట్ కొట్టండి. నాకలాగే బాగైంది."

"చూడు, ఆరా తియ్యకుండా ఎంత చక్కగా చెప్పాడో!"

ఆమె దేవుణ్ణి తలుచుకుని నొక్కింది.

కంప్యూటర్ తెరుచుకుంది. కొత్తగా కొన్నట్టు, ఖాళీగా.

భర్త చాలాసేపు వెతికాడు. తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

మధ్యాహ్నం రిపేరు షాపతను మూత విప్పి, లోపల ఒక ముక్కను వేలితో నొక్కాడు.

"ఈ మెమరీ ముక్క వదులైంది, అంతేనమ్మా. కానీ రీసెట్‌తో పాతవన్నీ పోయాయి. ఇక రావు. ఎవరు చెయ్యమన్నారు?"

ఆమె చెప్పింది. అతను ఆ పేజీని తన ఫోన్‌లో తెరిచాడు.

"ఇక్కడెవరో వద్దని మొత్తుకున్నారు కదమ్మా!"

ఆ మొదటాయన రాసినవే; బ్లాక్ చేశాక ఆమెకు కనబడని మాటలు అవి.

"ఆ మోడల్లో మెమరీ ముక్క వదులైతే ఇలాగే చేస్తుంది. డిస్కుకు ఏమీ కాదు. ఆపేసి ఉంచండి."

"అమ్మా, ఉన్నారా?"

"దయచేసి రీసెట్ మాత్రం నొక్కకండి."

ఆ పేజీలో పాతకాపులు తమ కంప్యూటర్ వివరాలను ప్రతి జవాబు కిందా కనబడేలా పెట్టుకుంటారు. భయంలో ఆమె వాటివైపు చూడలేదు. ఆయన జవాబు కిందున్న ఆ చిన్న అక్షరాలను ఇప్పుడు కూడబలుక్కుని చదివింది.

"ల్యాప్‌టాప్, ఎనిమిదేళ్ళది. మెమరీ ఎనిమిది జీబీ. డిస్కు రెండుసార్లు మార్చాను. వాడకం: స్వరపేటిక తీసేశాక, నా బదులు మాట్లాడడానికి."