ఒక్కదాన్నే తీసుకురా

"అత్తను ఎక్కించొద్దన్నాను కదా! ఆ పిల్లను ఒక్కదాన్నే తీసుకురా," అని ఫోనులో కసిరాడు శరవణన్ సార్.

ఇరుసప్పన్ కారు పక్కన నిలబడి తల గోక్కున్నాడు. తుఫాను బాధితులకు సాయం చేసే సంస్థలో అతను డ్రైవరు, శరవణన్ ఆఫీసరు. అరియాంకుప్పం బడిలో పెట్టిన క్యాంపు నుంచి తేన్మొళి అనే అమ్మాయిని పుదుచ్చేరిలోని గెస్ట్‌హౌసుకు తీసుకురమ్మని ఆజ్ఞ. ఇంటి కప్పుకు రేకులిచ్చే విషయం మాట్లాడాలట.

"ఇల్లు ఆ పెద్దామె పేరు మీదనే ఉండాదంట సార్."

"నువ్వు డ్రైవరువి. చెప్పింది చెయ్యి." ఫోను కట్ అయింది.

అత్త అమ్మాయమ్మ కోడలి చెయ్యి పట్టుకునే ఉంది. ఇరుసప్పన్ ఎట్లాగో నచ్చజెప్పాడు. "రేకులు రాకపోతే వానకు యాడ ఉండేది?" అని తనలో తనే గొణుక్కుంటూ ఆమె చెయ్యి వదిలింది.

తేన్మొళి వెనక సీట్లో తలుపుకు ఆనుకుని కూర్చుంది. "తలుపు లాక్ చేయొద్దన్నా."

"ఎందుకుమ్మా?"

ఆ పిల్ల తలుపు పిడి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఇరుసప్పన్‌కు ఏమీ అంతుపట్టలేదు. ఈ రోజు ఆదివారం, ఆఫీసుకు తాళం. ఇల్లేమో అత్త పేరున ఉంది. మరి ఈ పిల్లతో సారుకేం పని? ఇంతకుముందు ఇద్దరిని ఇలాగే తీసుకెళ్లి దించాడు. వాళ్లలో ఒకామె తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కడుపునొప్పేమో అనుకున్నాడు. నిజంగా అట్లా అనుకున్నాడా, అనుకుంటే నిమ్మళంగా ఉంటుందని అనుకున్నాడా? ఇప్పుడు అదీ తెలియడం లేదు.

సారు మంచివాడే. తనను పనిలో పెట్టించింది ఆయనే. ఉత్త అనుమానంతో నోరు జారితే నోటికాడి కూడు పోతుంది. అనుమానం నిజమైతే?

వంతెన దాటుతుండగా నందిత మేడం గుర్తుకొచ్చింది. సాయం కోసం వచ్చిన ఆడవాళ్లతో సంస్థ మనుషులెవరైనా తప్పుగా నడుచుకుంటే ఆ ఫిర్యాదులు వినేది ఆమే. పోయిన నెల అందరికీ క్లాసు తీసుకుంది. "రుజువులు వెతికే పని మీది కాదు. అనుమానం వస్తే చాలు, నాకు చెప్పండి," అంది. ఆ రోజు ఇరుసప్పన్ వెనక బెంచీలో కునికిపాట్లు పడుతూనే ఉన్నాడు. ఆ ఒక్క మాట ఎట్లా చెవిన పడిందో మరి.

గెస్ట్‌హౌసు సందు వచ్చింది. ఇరుసప్పన్ ఆ సందులోకి తిరగలేదు. నందిత మేడం ఇల్లుండే ముత్యాలపేట వైపు పోనిచ్చాడు.

వెనక నుంచి కేక. "యాడికి తీసుకపోతా ఉండావు? ఇది దావ కాదే!"

"భయపడొద్దమ్మా. మంచి తావుకే పోతా ఉండాం."

ఆ మాటతో ఆ పిల్ల మరింత బెదిరిపోయింది. తలుపు తీసి సగం బయటికి ఒరిగింది. ఇరుసప్పన్ గబుక్కున బ్రేకు తొక్కాడు. వెనకాల వస్తున్న ఆటోవాడు అరవంలో తిట్టి పక్కనుంచి పోయాడు.

"అయ్యో, నిన్ను కాపాడాలనే కదమ్మా!"

"నువ్వా?" అంది తేన్మొళి.

ఆ అడగడం ఏమిటో, ఆ చూపు ఏమిటో అతనికి అర్థం కాలేదు. నందిత మేడానికి ఫోను చేసి, ఇంటికి వస్తున్నామని చెప్పి, ఆ పిల్లకు వినిపించేలా పెట్టాడు. "నేను నందితను. మా ఇంటికే వస్తా ఉండారు. మా అమ్మ కూడా ఇక్కడే ఉండాది. రామ్మా," అని ఆడగొంతు పలికాక గానీ తేన్మొళి తలుపు మూయలేదు. దారిలో శరవణన్ సార్ ఫోను మోగుతూనే ఉంది. ఇరుసప్పన్ తియ్యలేదు.

నందిత తేన్మొళిని లోపల కూర్చోబెట్టి వసారాలోకి వచ్చింది. ఇరుసప్పన్ తెలిసినదంతా చెప్పేశాడు. ముందు దించిన ఇద్దరి సంగతీ దాచలేదు.

"సారు ఏం చేసినాడో నేను చూడలా మేడం. తప్పుగా చెప్తా ఉన్నానేమో. నాకేమీ తెలీడం లా."

"చెప్పి మంచి పని చేసినావన్నా. ఇక నేను చూసుకుంటా. ముందు ఆ అమ్మాయితో మాట్లాడాల," అని ఆమె లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది.

నందిత వాళ్లమ్మ కాఫీ తెచ్చిచ్చింది. పొద్దుటి నుంచి ఇప్పుడే అతని గుండె కాస్త తేలికపడింది. ఉద్యోగం పోతే పోనీ. క్యాంపుకు తిరిగి వెళ్లి, నీ కోడలిని చల్లగా తెచ్చి అప్పగించినానమ్మా అని అమ్మాయమ్మతో చెప్పాలి. ఆ ముసలామె ఏమంటుందో!

తలుపు తెరుచుకుంది. నందిత ముఖం ఇందాకటి ముఖం కాదు.

"కారు తాళాలు ఇట్ల ఇవ్వు."

ఇచ్చాడు. "మీరెందుకు మేడం శ్రమ? నేనే దించేసి వస్తా కదా."

"వద్దు. నీ కారు ఎక్కనంటా ఉండాది."

ఇరుసప్పన్ తెల్లబోయాడు. "ఎందుకు మేడం? సారు సంగతి చెప్పిందా?"

నందిత తాళాలను గుప్పిట్లో బిగించింది.

"సారు ఎవరో ఆమెకు తెలీనే తెలీదు ఇరుసప్పన్. క్యాంపులో ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని భయపడతా ఉండేది నీ పేరు."