గోడమీది స్వామి

పదేళ్ళుగా ఏకాదశి ఏకాదశికీ ప్రవచనం చెప్పిన నాంపల్లి గదిని ఖాళీ చేసి, అడ్వాన్సు ముప్పై వేలు తిరిగి ఇమ్మన్నాను. అబిడ్స్‌లో కొత్త గదికి సాయంత్రంలోగా అదే కట్టాలి.

ఇంటి యజమాని సదాశివ డబ్బు చేతిలో పట్టుకుని, గోడమీది చెమ్మ మరక చూపించాడు. "గిదేంది పంతులుగారూ? రంగుల ఖర్చు దీంట్ల పట్టుకుంట."

నాకు ఒళ్ళు మండింది. "మరకా? మూఢుడా, కళ్ళు తెరిచి చూడు! శంఖం, చక్రం, కిరీటం! స్తంభంలోంచి వచ్చినవాడు నీ గోడలో వెలవకూడదా?"

సదాశివ చెప్పులు విడిచి సాష్టాంగపడ్డాడు. లేచి, తన ఇంట్లోంచి స్టీలు డబ్బా తెచ్చి, మూతకు చిల్లు పొడిచి హుండీ చేశాడు. ముప్పై వేలూ అందులో వేసి తాళం బిగించాడు.

"అయ్యో, అవి నావయ్యా!"

"దేవుని సొమ్ము ముట్టుకుంటే ఏడు జన్మలు బల్లులై పుడ్తరని మీరే చెప్పిన్రు గదా!"

నేనూ తగ్గలేదు. "హుండీ తాళంచెవి పూజారి దగ్గరుండాలని శాస్త్రం. ఈ స్వామికి పూజారిని నేనే!"

"ఔ," అంటూ సదాశివ చెయ్యి చాపాడు. "పూజారి స్వామి కాడనే ఉండాలె గదా. జర ఈ గదికి మళ్ల అడ్వాన్సు ఇయ్యుండ్రి."